ఎండాకాలం తేలే ఊరు

శ్రోతలందరికీ నమస్కారం.

ఎండాకాలం సెలవులనగానే చాలామందికి అమ్మమ్మ ఊరు గుర్తొస్తుంది. నాకూ అంతే. కాకపోతే మా అమ్మమ్మకు రెండు ఊళ్లుండేవి. ఒకటి కొత్తూరు, ఆమె ఉండేది అక్కడే. రెండోది పాతూరు. అది ఏడాదిలో ఎక్కువ భాగం కృష్ణ నీళ్ల కింద ఉండేది. సరిగ్గా మా సెలవుల్లోనే బయటికొచ్చేది.

మేం పాలమూరు పట్నంలో ఉండేవాళ్లం. ఏప్రిల్ 23న బడి మూస్తే మర్నాడు పొద్దున్నే ఎర్ర బస్సు. భూత్పూర్, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ దాటి కొల్లాపూర్ దాకా ప్రయాణం. కిటికీ సీటు కోసం నాకూ మా అన్నకూ కొట్లాట. కొల్లాపూర్ దగ్గరపడుతుంటే రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు మొదలయ్యేవి. అక్కడికొచ్చాక ఇక సీటు సంగతి ఎవరికీ పట్టేది కాదు, ఇద్దరం లేచి నిలబడేవాళ్లం.

కొల్లాపూర్ బేనిషాన్ పండు తిన్నవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. భూమి నీళ్లపాలయ్యాక మా మామ ఒక తోటకు కావలి ఉండేవాడు. తెంపిన కాయల్లో అతని వాటాకొచ్చినవి ఇంటికి తెచ్చి, మూల గదిలో వరిగడ్డి పరిచి, ఒక్కో కాయనూ పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, మీద గోనెసంచులు వేసేవాడు. “నాలుగు రోజులు ఆ గది తలుపు తియ్యొద్దు” అనేవాడు. మేం రెండో రోజే తీసేవాళ్లం. చీకట్లో గడ్డిలోకి చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలేది. ఏ కాయ మెత్తబడిందో వేళ్లతోనే వెతుక్కోవాలి. తొందరపడి పచ్చి కాయ కొరికితే జీడి అంటి పెదవి చివర పొక్కేది. అమ్మమ్మ దానికి ఇంత వెన్న రాసి, తిట్టకుండా ఊరుకునేది. రాత్రి మిద్దె మీద పడుకునే ముందు జొన్నరొట్టె, మామిడి రసం. పెద్దవాళ్లకు మాత్రం మామిడికాయ తొక్కు లేకపోతే ముద్ద దిగేది కాదు.

ఇక పాతూరు సంగతి.

శ్రీశైలం దగ్గర కృష్ణకు అడ్డంగా డ్యామ్ కట్టడానికి 1963లో నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ నీళ్లలో మునిగేవి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు. 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. మా అమ్మమ్మవాళ్లు మిద్దె విప్పి దూలాలు, వాసాలు, తలుపులు ఎడ్లబండ్ల మీద వేసుకొని మెరక మీద కొత్తూరికి వచ్చారు. గోడల రాయి మోసుకురావడం ఎవరి వల్లా కాలేదు. జలాశయం నిండితే మట్టం 885 అడుగులు. వానాకాలం వరదొచ్చి నిండిందంటే మా పాతూరి మీదుగా పుట్టీలు, అంటే గుండ్రటి పడవలు, తిరిగేవి. కరెంటుకూ పొలాలకూ నీళ్లు వదులుతూ పోతే, ఎండలు ముదిరేసరికి నీళ్లు దిగి ఊరు తేలేది.

కొల్లాపూర్ దగ్గరి సోమశిల గుళ్లను విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. అవతల కర్నూలు వైపు ఉన్న సంగమేశ్వరం గుడి మాత్రం నీళ్లలోనే ఉండిపోయింది. అక్కడి లింగం వేపమొద్దు. ఎండాకాలం గుడి బయటపడగానే జనం పోయి మొక్కి వస్తారు. దేవుళ్లలోనే కొందరు పైకొచ్చారు, కొందరు అక్కడే ఆగారు. మా అమ్మమ్మ మనసు కూడా అలాగే రెండు చోట్లా ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

నీళ్లు దిగాయని చేపలు పట్టేవాళ్లు కబురు చెప్పగానే ఆమెలో హుషారొచ్చేది. ఇంకా చీకటుండగానే మమ్మల్ని లేపేది. సద్ది గిన్నె, నీళ్ల చెంబు, కొంగు ముడిలో పసుపూ కుంకుమా. ఒడ్డు దిగితే ఎండిన ఒండ్రు, కాలు పట్టేంత నెర్రెలు. ఎక్కడ చూసినా తెల్లటి నత్తగుల్లలు, నడుస్తుంటే పటపటమనేవి. ఇంకొంచెం లోపలికి పోతే మొండిగోడలు, మోడు వారిన చింతచెట్టు, పూడిపోయిన బావి. నాకు అన్నీ ఒకేలా కనిపించేవి. ఆమె మాత్రం ఎక్కడా ఆగకుండా, ఎవరినీ అడగకుండా, సందులూ మలుపులూ తిరుగుతూ నడిచేది. అడ్డంగా పోతే దగ్గర కదా, గోడల్లేవు కదా అని నేనంటే, “దారి ఇటే బిడ్డా” అనేది.

ఒకచోట ఆగి వంగి, చేత్తో ఒండ్రు తుడిచేది. కింద నల్లటి గడపబండ. చెంబులో నీళ్లు పోసి కడిగేది. ఏళ్ల తరబడి మనుషులు తొక్కీ తొక్కీ బండ నడుమ కొద్దిగా గుంట పడింది. ఆ గుంటలో చెంబు నీళ్లు కాసేపు నిలిచేవి. పసుపు పూసి, బొట్టు పెట్టి, చెప్పులు పక్కన విడిచి లోపలికి అడుగేసేది. ‘లోపల’ అని నేనంటున్నాను గానీ అక్కడ ఉన్నది ఆకాశమే. నేను చెప్పులతోనే దాటబోతే చెయ్యి పట్టుకొని ఆపింది.

“చెప్పులిడిశి రా బిడ్డా. ఇంట్లకొస్తున్నవ్.”

విడిచాను. ఒండ్రు చల్లగా ఉంది, ఇంకా పొద్దెక్కలేదు. “ఈడ పొయ్యి. ఈడ గోలెం. ఈ మూలకు మీ అమ్మ పుట్టింది” అని చూపిస్తూ పోయింది. అమ్మ వచ్చి ఆ మూలన కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు. అక్కడే సద్ది తిన్నాం. మామకు మాత్రం అక్కడికి రావడం ఇష్టముండేది కాదు. ముంపు కుటుంబాలకు ఇంటికో ఉద్యోగమని 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టెలో దాచుకున్నాడు. పాతూరి మాట వస్తే లేచి తోటకు పోయేవాడు. చిన్నప్పుడు మామకు కోపమనుకున్నాను. అది కోపం కాదు.

ఒక ఏడాది నీళ్లు దిగలేదు. మే నెల చివరకొచ్చింది, మా సెలవులు అయిపోతున్నాయి, పాతూరు తేలలేదు. అమ్మమ్మ రోజూ ఒడ్డుకు పోయి చూసి వచ్చేది. చివరికి పుట్టి నడిపే ఒక తాతను అడిగింది. అతనిదీ ఆ ఊరే. నన్నూ, అమ్మనూ ఎక్కించుకొని తెడ్డు వేస్తూ నడుమకు తీసుకుపోయాడు. ఒక పక్క కొండ కొన, ఇంకో పక్క గట్టు మీది గుడి చూసుకుంటూ కొంచెం అటు, కొంచెం ఇటు జరిపి, తెడ్డు ఆపాడు.

“ఈడనే అక్కా” అన్నాడు.

అమ్మమ్మ కొంగు ముడి విప్పి పసుపూ కుంకుమా నీళ్లలో వదిలింది. తర్వాత మెల్లగా వంగి, కాళ్ల చెప్పులు తీసి పుట్టిలో పక్కన పెట్టుకుంది. అది చూసి అమ్మా విడిచింది. నేనూ విడిచాను.