వెనక బెంచీలో కూర్చుని ఏం రాసుకోవాలి?

తరగతిలో కూర్చుని పాఠం ఎలా సాగుతుందో గమనించి రాసుకునేవాళ్ల కోసం ఈ మాటలు. బీఎడ్ చదివినవాళ్లకు ఫ్లాండర్స్ 10 వర్గాలు గుర్తుండే ఉంటాయి: తరగతిలో టీచరు, పిల్లల మాటలను 10 రకాలుగా విడగొట్టి, ఒక్కో రకానికి ఒక అంకె ఇచ్చే పద్ధతి. 3 సెకన్లకో అంకె రాయాలి, నిమిషానికి 20. అందులో పదో వర్గం చూడండి: నిశ్శబ్దం, గందరగోళం రెండూ అక్కడే. పిల్లవాడు ఆలోచిస్తూ ఆగినా 10, క్లాసంతా గోల చేసినా 10. గుణాత్మక పరిశోధనకు, అంటే లెక్కలకన్నా మాటలను, అర్థాలను చూసే పరిశోధనకు, పని తగిలేది సరిగ్గా అక్కడే.

"సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా?" అని సారు అడిగారనుకోండి. "మూడో వంతు సార్." "కూర్చో. ఇంకెవరు?" అంకెల్లో ఇది 4 (టీచరు ప్రశ్న), 8 (పిల్లవాడి జవాబు), 6 (టీచరు ఆదేశం), మళ్లీ 4. రెండుకన్నా మూడు పెద్దది కాబట్టి వాడు అలా అన్నాడేమో! ఆ సంగతి ఏ అంకెలోనూ దొరకదు. ఇంటర్వెల్‌లో "ఎలా చెప్పావురా?" అని వాణ్నే అడగాలి.

నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు టైము, విన్న మాటలు, చూసిన పనులు. కుడివైపు మీ అనుమానాలు. "బాగా బోధించారు" అనేది ఎడమవైపు రాయకూడదు, అది తీర్పు. ప్రశ్న వేశాక సారు ఎన్ని సెకన్లు ఆగారో రాయండి. టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతారనీ, 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రోవ్ 1970ల్లోనే చూపించారు. నోట్సు ఆ రాత్రే విస్తరించి రాయాలి. రెండు రోజులాగితే మీకు గుర్తుండేది మీ అభిప్రాయమే, వాళ్ల మాటలు కాదు. గంట రికార్డింగ్‌ని కాగితం మీద పెట్టడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది, కాబట్టి అంతా రాయబోకండి. ఒక ఘట్టం చాలు.

మొదటి రెండు మూడు పీరియడ్లను లెక్కలోకి తీసుకోవద్దు. మిమ్మల్ని ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లనుకుని సారు ముందు బెంచీ పిల్లలనే లేపుతారు. అందుకే పది బళ్లు ఒక్కోసారి చూడటంకన్నా ఒకే తరగతిని పదిసార్లు చూడటం మేలు. టీచర్ల శిక్షణను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం బీఎడ్‌లో బడి అనుభవానికి 20 వారాలున్నాయి, తీరిక లేదనలేం.

తర్వాత టీచరుతో మాట. ఆ రోజే రికార్డింగ్‌లోంచి 3 నిమిషాల ముక్క వినిపించి "ఇక్కడ మీకేమనిపించింది?" అనండి. "ఎందుకలా చేశారు?" అన్నారా, ఆయన సంజాయిషీ మొదలుపెడతారు. హెడ్మాస్టరు అనుమతి ఒక్కటే సరిపోదు, టీచరు ఒప్పుకోవాలి. నోట్సు ఎంఈఓ దాకా పోదని ముందే చెప్పాలి. ఆయన మధ్యలో వద్దంటే రికార్డింగ్ ఆయన ఎదుటే చెరిపేయాలి.