భూకంపం కిట్ రివ్యూ: విజిల్ ఎక్కడ పెట్టారండీ?

నమస్కారమండీ. భూకంపం వస్తే పనికొచ్చే వస్తువులున్న ఈ ఎర్ర బ్యాగు కిట్‌ని కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. లోపల ఏమేం ఉన్నాయో, బరువెంతో అన్నీ చదవను. నాకు బాగా కోపం తెప్పించిన సంగతికే వచ్చేస్తాను.

విజిల్.

నిన్న రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆపేసి, మంచం మీంచి చెయ్యి చాచి ఈ బ్యాగులో వెతికాను. టార్చి అరనిమిషంలో దొరికింది. విజిల్‌కి మూడు నిమిషాలు పట్టింది! ఫస్ట్ ఎయిడ్ పెట్టె కింద, అదీ సీలు వేసిన కవర్లో ఉంది. పళ్లతో చింపాల్సి వచ్చింది.

1993లో లాతూరు భూకంపం తెల్లవారుజామున 4 కాకముందే వచ్చింది. 1995లో జపాన్‌లోని కోబె భూకంపం ఉదయం 5 గంటల 46 నిమిషాలకు. జనం పక్కల మీదే ఉన్నారు. శిథిలాల కింద చిక్కుకున్న మనిషి అరుస్తూ ఉంటే దుమ్మంతా నోట్లోకి పోతుంది, కాసేపటికి గొంతు పోతుంది. విజిల్‌కి కాస్త ఊపిరి చాలు. అలాంటి వస్తువును అడుగున పడేస్తారా?

పైగా ఇది లోపల గింజ ఉండే రకం. దుమ్మో తడో చేరితే ఆ గింజ ఇరుక్కుపోతుంది. తడి చేసి పిండిలో ముంచి ఊదాను, ఉత్త గాలే వచ్చింది. గింజ లేని విజిల్‌ని కూడా అలాగే ముంచి ఊదాను, చెవులు గింగురుమన్నాయి.

టార్చి మాత్రం నాకు చాలా నచ్చింది. చేత్తో తిప్పితే ఛార్జ్ అవుతుంది, రేడియో కూడా ఉంది. ఇది ఎందుకు నచ్చిందంటే, మా పాత కిట్‌ని మూడేళ్లు ముట్టుకోలేదు. ఒకరోజు తెరిస్తే టార్చిలో బ్యాటరీలు కారిపోయి, స్ప్రింగ్ చుట్టూ తెల్లగా పొక్కు కట్టేసింది. ఆ రోజు నిజంగా భయమేసింది. అవసరం పడి ఉంటే మా పరిస్థితేంటి?

నీళ్ల సంగతి. పెట్టె మీద నలుగురికి అని రాశారు, లోపల ఉన్నవి నాలుగు చిన్న ప్యాకెట్లు. మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున, నలుగురికి 3 రోజులకి 48 లీటర్లు కావాలి. అది ఏ బ్యాగులోనూ పట్టదు, ఇంట్లో విడిగా పెట్టుకోవాల్సిందే. ఆ ముక్క పెట్టె మీద రాయొచ్చు కదా!

ఇంకొక్క మాట. ఇల్లు ఊగుతుంటే ఈ బ్యాగు కోసం పరిగెత్తకండి. బల్ల కిందికి దూరి, తల కాచుకుని, బల్ల కాలు గట్టిగా పట్టుకోండి. మంచం మీద ఉంటే అక్కడే బోర్లా పడుకుని దిండుతో తల కప్పుకోండి. ఊగడం ఆగాక నేలంతా గాజు పెంకులుంటాయి, అందుకే మేం పాత బూట్లు సంచిలో వేసి మంచం కోడుకి కట్టుకున్నాం.

కొనాలా అంటే, ఈ టార్చి విడిగా దొరికితే కొనండి. కిట్ మొత్తం అయితే వద్దనే అంటాను.

మేం గింజ లేని విజిళ్లు నాలుగు తెచ్చి తలాపున తగిలించాం. మా అమ్మ రాత్రి పెట్టుడు పళ్లు తీసేస్తుంది, అలా ఊదగలదా అని అనుమానం వచ్చింది. మొదటిసారి గాలి పక్కనుంచి పోయింది. పెదాలు గట్టిగా బిగించి మళ్లీ ఊదింది. పక్క గదిలో నిద్రపోతున్న మా అమ్మాయి లేచి వచ్చేసింది.