కుక్క చెవిలో చూడకుండా చుక్కలు వేయకండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఒక్కొక్కటీ మొదలుపెడితే లైన్లో ఉన్న కుక్కలు ఊరుకోవు. అందరికీ కలిపి ఒకటే దండం. 1885లో ఇదే జూలై 6న పాశ్చర్ ఓ పిల్లాడికి రేబిస్ టీకా వేయించాడు, అందుకే హనుమకొండలో ఇవాళ ఈ కుక్కల టీకా శిబిరం. ఏటేటా టీకా వేయించండి. మీరు వచ్చారంటేనే ఆ సంగతి మీకు తెలుసు, ఇక దాని మీద ఉపన్యాసం అనవసరం.

పొద్దున్నుంచి నేను చూస్తున్నది వేరే. లైన్లో చాలా కుక్కలు టపటపా తల విదిలిస్తున్నాయి. అడిగితే "ఈగలు సార్" అంటున్నారు. ఈగలు కావు. ఆ చివర లాబ్రడార్‌ను పట్టుకున్న బాబూ, దాని చెవి మెల్లగా ఎత్తి వాసన చూడు. సిగ్గెందుకు? పులిసిన కంపు వస్తోందా? అదీ సంగతి.

కుక్క చెవి దారి ముందు కిందికి దిగి, ఆ తర్వాత లోపలికి మలుపు తిరుగుతుంది. నీళ్లు పోతే అక్కడే నిలుస్తాయి. చెవులు వేలాడే జాతులకు గాలి కూడా ఆడదు. వానల్లో, చెరువు ఈతల్లో ఆ తేమకు ఈస్ట్ అనే శిలీంధ్రం పెరిగి గోధుమరంగు జిడ్డు, కంపు మొదలవుతాయి. చీము కారితే బాక్టీరియా చేరిందనుకోండి. కుక్కపిల్ల చెవిలో నల్లటి పొడి ఉంటే మైట్లు అనే చిన్న పురుగులు కావచ్చు, అవి ఇంట్లో పిల్లికీ అంటుతాయి. మందు ఆపగానే మళ్లీ వస్తోందా? పాదాలు కూడా నాకుతోందా? అయితే అసలు కారణం అలర్జీ కావచ్చు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. పరకాల వైపు నుంచి ఓ పెద్దమ్మ నల్ల ఊరకుక్కను తెచ్చింది. "సారూ, చెవి బూరె లెక్క ఉబ్బింది" అంది. విదిలించీ విదిలించీ చెవి రెక్కలో నాళం చిట్లి నెత్తురు నిండింది. అంతకుముందు కొడుకు షాపుకెళ్లి చుక్కల మందు అడిగాడు. షాపతను కుక్కను చూసిందీ లేదు, మనుషుల చుక్కలే చేతిలో పెట్టాడు. అయిపోతే మళ్లీ అవే. నేను మత్తిచ్చి, లైటు గొట్టంతో చూస్తే లోపల ఎండుగడ్డి మొన, కర్ణభేరికి చిల్లు! లాగి తీసిస్తే ఆమె అరచేతిలో వేసుకుని, "దీనికేనా బిడ్డా గింత ఏడ్చినవ్" అని కుక్కనే అడిగింది.

చిల్లున్న చెవిలో కొన్ని మందులు పోస్తే శాశ్వతంగా చెవుడు రావచ్చు. అందుకే మళ్లీ చెప్తున్నా, లోపల చూడకుండా చుక్కలు వద్దు. వెల్లుల్లి నూనె వద్దు, పెరాక్సైడ్ వద్దు, ఇయర్‌బడ్ అసలే వద్దు, అది మురికిని ఇంకా లోపలికి తోస్తుంది. మీ తాతగారు పోసేవారా? పోసేవారేమో, ఆ కుక్కకు వినపడేదో లేదో ఎవరడిగారు?

మీరు చేయాల్సింది తక్కువే. స్నానం చేయించాక మెత్తటి గుడ్డతో వేలు అందినంత వరకే తుడవండి. వారానికోసారి చెవి ఎత్తి చూడండి, గోమార్లుంటే కనబడతాయి. బాగున్న చెవిని ఊరికే కడగకండి. తల ఒక పక్కకే వాల్చినా, తూలినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మామునూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది.

మైకు ఇవ్వమంటున్నారు, ఇస్తున్నా. టీకా అయినవాళ్లు ఆ వేపచెట్టు కిందికి రండి, లైటు గొట్టం తెచ్చాను. నొప్పున్న కుక్క యజమానినైనా కరుస్తుంది, మూతికి గుడ్డ కట్టే తీసుకురండి.