వి8 పిన్ను నుంచి టైప్ సి దాకా

(మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ముందు ఒక సెల్ రిపేరు దుకాణదారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ సారు ఫోన్ చేసి "మా పిల్లలకు వచ్చి ఒక గంట చెప్పాలి" అన్నప్పుడు రాంగ్ నంబరేమో అనుకున్నాను. నేను ఇంటర్ దాకానే చదివాను. గడియార స్తంభం దగ్గర సెల్ రిపేరు చేసుకుని బతికేవాణ్ని. మీకు నేనేం చెప్తాను సార్ అంటే, "పిన్నుల గురించి చెప్పు, అంతకన్నా ఏం వద్దు" అన్నారు. అదైతే చెప్పగలను. ఇరవై ఏళ్లుగా మనుషుల మొహాల కన్నా ఫోన్ల అడుగు భాగాలే ఎక్కువ చూశాను.

ముందుగా ఈ రెండు కేబుళ్లు తీసుకోండి. ముందు వరుస నుంచి వెనక్కి పంపండి. రెండూ తెల్లవే, రెండింటికీ రెండు వైపులా టైప్ సి పిన్నే. మీద ఉన్న గుర్తులు కనబడకుండా నేనే టేపు చుట్టాను, అది విప్పొద్దు. ఏది మంచిదో చూసి చెప్పాలి. చివర్లో అడుగుతాను.

నా బల్ల కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో పాత చార్జర్ పిన్నులు దాచాను. ఎందుకు దాచావని మా ఇంట్లో అడుగుతారు, నా దగ్గర జవాబు లేదు. దుకాణం పెట్టిన కొత్తలో నోకియా 1100 రాజ్యమేలింది. దానిది లావు పిన్ను. తర్వాత అదే కంపెనీ సన్న పిన్ను తెచ్చింది. లావు పిన్ను చార్జర్ ఉన్నవాళ్లు పారేసుకోకుండా మధ్యలో పెట్టుకునే చిన్న ముక్క ఒకటి వచ్చేది. వేలెడంత కూడా ఉండదు, వారానికొకటి పారేసుకునేవాళ్లు. సోనీ ఎరిక్సన్‌ది దువ్వెన లాంటి వెడల్పు పిన్ను. శాంసంగ్‌కు ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌కు పట్టదు. చైనా ఫోన్లు వచ్చాక ఇక లెక్కే లేదు.

చార్జర్ దొరకనివాళ్లకు క్లిప్పు చార్జర్ ఉండేది. మీలో చాలామంది దాన్ని చూసి ఉండరు. బట్టలారేసే క్లిప్పు లాంటిది, దానికి రెండు సూదులు. ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ బయటికి లాగి, దాని ప్లస్సూ మైనస్సూ మీద ఆ రెండు సూదులూ ఆనేలా జరిపి నొక్కి పెట్టాలి. కుదిరితే లైటు వెలుగుతుంది. లేకపోతే మళ్లీ జరపాలి. ఏ కంపెనీ బ్యాటరీ అయినా సరే ఎక్కేది. ఒక రకంగా మన దేశపు మొదటి యూనివర్సల్ చార్జర్ అదే. బ్యాటరీలు ఉబ్బిపోయేవి, అది వేరే సంగతి.

మీకు తెలుసు, మన పాలమూరు నుంచి వలస ఎప్పుడూ ఉంది. కోస్గి, నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబయికి, పుణెకు కూలి పనికి వెళ్లేవాళ్లు బస్సెక్కే ముందు నా దగ్గర ఆగేవాళ్లు. "అన్నా, చార్జర్లు రెండియ్యి, అక్కడ ఒకటి పోయినా ఇంకోటి ఉంటది" అనేవాళ్లు. ఒకే గదిలో ఎనిమిది మంది, ఒకే ప్లగ్గు, ఎనిమిది రకాల పిన్నులు. పక్కవాడి చార్జర్ అడిగి లాభం లేదు, పట్టదు కాబట్టి. ఇంటికి ఫోన్ రాకపోతే ఇక్కడ ఆడవాళ్లకు టెన్షన్. తర్వాత అడిగితే మొగుడు చెప్పే మాట ఒకటే, చార్జర్ కాలిపోయిందని. నాకు బేరం బాగుండేది, కాదనను. కానీ ఆ బేరం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నాకు తెలుసు.

ఆ తర్వాత వి8 పిన్ను వచ్చింది. మీ పుస్తకాల్లో దాన్ని మైక్రో యూఎస్‌బీ అంటారు. మా దుకాణాల్లో ఆ పేరు చెప్తే హోల్‌సేల్ వాడు మొహం చూస్తాడు. మోటోరోలా వి3 అని ఒక మడత ఫోను ఉండేది, దానికి మినీ యూఎస్‌బీ. తర్వాత వి8 వచ్చింది, దానికి మైక్రో. ఆ ఫోన్లు ఎప్పుడో పోయాయి. పేర్లు మాత్రం పిన్నులకు మిగిలిపోయాయి.

2009లో యూరప్‌లో పెద్ద ఫోన్ కంపెనీలు మైక్రో యూఎస్‌బీకి మారతామని ఒప్పుకున్నాయి. అది చట్టం కాదు, మాట ఇచ్చారంతే. అప్పటికి అక్కడ 30 రకాల చార్జర్లు ఉంటే అవి మూడు రకాలకు దిగాయని యూరోపియన్ కమిషన్ లెక్క. మంచి మార్పే. కానీ రిపేరు బల్ల దగ్గర కూర్చున్నవాణ్ని అడిగితే ఆ పిన్ను మీద ఇంకో మాట చెప్తాడు. దానికి ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. కరెంటు పోయిన చీకట్లో తిరగేసి కుక్కితే జాక్, అంటే ఫోనులో పిన్ను దూరే కన్నం, లోపలి నాలుక విరుగుతుంది. లేదా జాక్ మొత్తం బోర్డు మీద నుంచి లేస్తుంది, లేస్తూ కింది రాగి ప్యాడ్‌ను కూడా పీక్కొస్తుంది. అప్పుడు జంపర్ వేయాలి. వెంట్రుక లాంటి తీగ, భూతద్దం కింద, చెయ్యి వణకకూడదు. ఎనిమిదేళ్లు నా కళ్లు దానికే అరిగాయి.

అటూ ఇటూ ఎటైనా పట్టేలా మొదటే ఎందుకు చేయలేదని మీరు అడగొచ్చు. నేనూ తిట్టుకునేవాణ్ని. యూఎస్‌బీ 1996లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్, మన దేశపువాడే, బరోడాలో చదివాడు. ఎటైనా పట్టాలంటే తీగలు, సర్క్యూట్ రెట్టింపు కావాలి, ఖర్చు పెరుగుతుంది, అప్పట్లో ఖరీదైతే ఎవరూ పెట్టుకోరు అని ఆయన తర్వాత వివరించాడు. చౌకగా ఉంది కాబట్టే అన్నిచోట్లా దూరింది. అది చదివాక తిట్టడం మానేశాను.

2014లో టైప్ సి వచ్చింది. పైన 12, కింద 12, మొత్తం 24 కాంటాక్టులు. తిరగేసినా ఒకటే. అయితే పిన్ను వచ్చినంత మాత్రాన అందరూ మారలేదు. ఆపిల్ 2012లో తెచ్చిన తన లైట్నింగ్ పిన్నునే పట్టుకుని కూర్చుంది. అందరూ ఒకే పిన్ను పెట్టాలంటే కొత్తదనం ఆగిపోతుందని వాదించింది. ఆ మాటలో అసలు నిజం లేదనను. చట్టంలో ఒక పిన్ను రాసేస్తే రేపు దానికన్నా మంచిది వచ్చినప్పుడు చట్టాన్నే మార్చాలి. కానీ కంపెనీలను వాటి ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో నా బిస్కెట్ల డబ్బా చూస్తే తెలుస్తుంది.

2022 అక్టోబర్ 4న యూరోపియన్ పార్లమెంటులో ఒకే పిన్ను చట్టం మీద ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 602, వ్యతిరేకంగా 13, తటస్థంగా 8. ఫోన్లు, ట్యాబ్‌లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లకు 2024 డిసెంబర్ 28 నుంచి టైప్ సి తప్పనిసరి. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు. అక్కడ వాడకుండా పడేసే చార్జర్ల చెత్తే ఏడాదికి 11,000 టన్నులని వాళ్ల అంచనా. గడువు రాకముందే, 2023 సెప్టెంబర్‌లో, ఐఫోన్ 15 టైప్ సితో వచ్చింది. మన దగ్గర 2022 నవంబర్‌లో ఢిల్లీలో వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలను కూర్చోబెట్టి మాట్లాడింది. మరుసటి జనవరిలో వస్తువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ టైప్ సికి భారతీయ ప్రమాణం ప్రకటించింది. ప్రమాణం వేరు, చట్టం వేరు, అది గుర్తుంచుకోండి. కీప్యాడ్ ఫోన్లలో చాలావాటికి ఇప్పటికీ వి8 పిన్నే. పైసలు తక్కువున్నోడికి మార్పు చివర్లో వస్తుంది, అన్నింట్లో లాగే.

ఒకదానిది ఇంకోదానికి పట్టకపోవడం మన ఊరివాళ్లకు కొత్త కాదు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా ద్రోణాచలం వెళ్లే లైను ఒకప్పుడు మీటర్ గేజ్. రెండు పట్టాల మధ్య సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజ్‌కు 1676. ఇక్కడి పెట్టె అక్కడి పట్టా ఎక్కదు. పల్లీ బస్తాలైనా సరే, గేజ్ మారే స్టేషన్‌లో హమాలీలు దించి ఎక్కించాల్సిందే. నోకియా లావు పిన్నుకు సన్న పిన్నుకు మధ్య పెట్టుకునే ముక్క చేసే పని అక్కడ హమాలీ భుజం చేసేది. 1992లో రైల్వే పట్టాలన్నీ బ్రాడ్ గేజ్‌కు మార్చే యూనిగేజ్ పని మొదలుపెట్టాక, తొంభైల్లోనే మన లైను కూడా మారింది.

పట్టాలు ఒకటైనా అన్ని బండ్లూ ఒకే వేగంతో పోవు. టైప్ సిలో జనం మోసపోయేది ఇక్కడే.

మొన్న ఒకాయన దేవరకద్ర నుంచి వచ్చాడు. మెడలో వేసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్ తెచ్చాడు. "కొని నెల కాలేదన్నా, చార్జింగ్ ఎక్కుతలేదు." చూస్తే టైప్ సి కన్నమే. ఆయన కొత్త ఫోను చార్జర్‌కు రెండు వైపులా టైప్ సి కేబులే, దాంతో పెడితే లైటు రాదు. నా బల్ల మీద పాత చార్జర్ ఉంది, యూఎస్‌బీ వెడల్పు పిన్ను నుంచి టైప్ సికి వచ్చే కేబుల్‌ది. దానికి పెట్టాను, ఎర్ర లైటు వచ్చింది. ఆయన నన్ను మంత్రగాణ్ని చూసినట్టు చూశాడు.

విప్పి చూపించాను. జాక్ పక్కన రెండు రెసిస్టర్లు ఉండాలి, ఒక్కోటి 5.1 కిలో ఓమ్. పైసల్లో ఖరీదు చేసే వస్తువు. అవి లేవు. పాత వెడల్పు పిన్ను చార్జర్ బుద్ధిలేనిది, అవతల ఎవరున్నా లేకపోయినా 5 వోల్టులు వదిలే ఉంచుతుంది. టైప్ సి చార్జర్ అలా వదలదు. సీసీ అని ఒక కాంటాక్టు ఉంటుంది, దాని మీద ఆ రెసిస్టర్ కనబడితేనే అటువైపు ఎవరో ఉన్నారని నమ్మి కరెంటు వదులుతుంది. పిన్ను ఎటు తిప్పి పెట్టినా దొరకాలి కాబట్టి రెండు రెసిస్టర్లు. మా భాషలో సీసీ బోర్డు అంటే చార్జింగ్ జాక్ ఉండే చిన్న బోర్డు, ఈ సీసీ అది కాదు. తయారుచేసినవాడు ఆ రెండు రెసిస్టర్లూ మిగుల్చుకున్నాడు. కన్నం చూసి కొన్న దేవరకద్ర ఆయనది తప్పంటారా? నేను రెండూ అతికించి ఇచ్చాను. పైసలు తీసుకోలేదని చెప్పను, తీసుకున్నాను.

రోజూ అడిగే ఇంకో ప్రశ్న. "ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే ఫోను పేలుతుందా?" సరైన చార్జర్ అయితే పేలదు. మొదట 5 వోల్టులే ఇస్తుంది. తర్వాత ఫోను, చార్జర్ ఆ సీసీ తీగ మీదే మాట్లాడుకుంటాయి. నా దగ్గర 5, 9, 15, 20 ఉన్నాయని చార్జర్ చెప్తుంది, నాకు 9 చాలని ఫోను అడుగుతుంది. దాన్నే పవర్ డెలివరీ అంటారు. మొదట 100 వాట్ల దాకా ఉండేది, 2021లో 240కి పెంచారు. మరి కొన్ని ఫోన్లు సొంత చార్జర్‌తో అరగంటలో నిండి, పక్కవాడి చార్జర్‌తో రెండు గంటలు ఎందుకు తీసుకుంటాయి? ఆ కంపెనీ భాష వేరు. పిన్ను ఒకటే, మాట్లాడే భాష ఇద్దరిదీ వేరు, అందుకే ఇద్దరికీ వచ్చిన నాలుగు ముక్కలతో నెట్టుకొస్తాయి. యూరప్ చట్టం దీన్నీ పట్టించుకుంది. 15 వాట్లు దాటి చార్జ్ అయ్యే వస్తువులో సొంత పద్ధతి ఉన్నా సరే, పవర్ డెలివరీ కూడా ఉండాలంది.

కేబుళ్ల సంగతి దీనికన్నా అన్యాయం. 2015లో బెన్సన్ లియూంగ్ అని గూగుల్ ఇంజినీరు ఒకాయన ఆన్‌లైన్‌లో అమ్మే టైప్ సి కేబుళ్లు కొని ఒక్కోదాన్ని పరీక్షించి, ఫలితాలు అందరికీ కనబడేలా రాశాడు. చాలావాటిలో రెసిస్టర్ విలువే తప్పు. 2016లో ఒక కేబుల్‌లో ఏకంగా ప్లస్సు, గ్రౌండు తారుమారుగా కలిపి ఉన్నాయి. ఆయన ల్యాప్‌టాప్ పాడైంది. వాళ్ల దగ్గరే అలా ఉంటే మన సంత సంగతి చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, పత్తి సీజన్. నవ్వకండి, దీనికీ దానికీ సంబంధం ఉంది. నవంబర్ నుంచి జనవరి దాకా నా దగ్గరికి వచ్చే "జాక్ పోయింది" ఫోన్లలో సగానికి జాక్ పోయి ఉండదు. బాదేపల్లి మార్కెట్‌కు పత్తి తెచ్చేవాళ్లు, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఫోను జేబులో పెట్టుకుంటారు. టైప్ సి కన్నం మధ్యలో చిన్న నాలుక ఉంటుంది, దాని చుట్టూ దూది చేరుతుంది. పిన్ను పెట్టిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి దట్టిస్తాం. కొన్నాళ్లకు పిన్ను పూర్తిగా కూర్చోదు, అరమిల్లీ బయటే ఉండి జారిపోతుంది. ఫోను ఆఫ్ చేసి, టార్చ్ వేసి, చెక్క పుల్లను సన్నగా చెక్కి మూల నుంచి మెల్లగా లాగితే ఒత్తుకు పనికొచ్చేంత దూది ఉండ బయటికొస్తుంది. గుండుసూది మాత్రం పెట్టొద్దు, నాలుక మీద కాంటాక్టులు గీరుకుపోతాయి. కొత్త జాక్ వేశానని చెప్పి దీనికే మూడు వందలు తీసుకునేవాళ్లున్నారు. మీరు దుకాణం పెడితే ఆ పని చేయకండి.

పోయిన పండక్కి ముంబయి నుంచి వచ్చిన ఒకతన్ని అడిగాను, ఈసారి చార్జర్లు ఎన్ని కావాలి అని. "వద్దన్నా, గదిలో రెండున్నయి, అందరికీ అవే" అన్నాడు. టెంపర్డ్ గ్లాసు ఒకటి వేయించుకుని వెళ్లిపోయాడు.

సరే, కేబుళ్లు వెనక్కి చేరాయా? ఏది మంచిది? లావుగా ఉన్నదా? ఆ అబ్బాయి మెత్తగా ఉన్నదంటున్నాడు. చేతులెత్తండి... సగం సగం ఉన్నారు. నేనూ చూసి చెప్పలేను, అందుకే అడుగున నా గుర్తు పెట్టుకున్నాను. ఒకటి సెకనుకు 480 మెగాబిట్ల డేటా, 60 వాట్ల కరెంటు మోస్తుంది. ఇంకోటి 40 గిగాబిట్లు, 240 వాట్లు. డేటాలో తేడా ఎనభై రెట్ల పైనే. రెండోదాని పిన్నులో ఈ-మార్కర్ అని చిన్న చిప్ ఉంటుంది, నేను ఇంత మోయగలనని అడిగినవాళ్లకు చెప్పుకుంటుంది. అది లేకపోతే చార్జర్ 3 ఆంపియర్లు దాటి ఇవ్వదు.

ఆ చిప్ చెప్పేది చదివే మీటరు తెచ్చాను, ఇదిగో బల్ల మీద పెడుతున్నా. మీ బ్యాగుల్లో ఉన్న కేబుళ్లు కూడా తీయండి. ముందు వరుస నుంచి ఒక్కొక్కరే రండి, తోసుకోకండి.