అక్క మూలుగ తమ్ముడి ఒంట్లో ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం.

ఇవాళ జనవరి 12. ఈ రోజున భీమవరంలో మాట్లాడటానికి రమ్మన్నారంటే ఎవరిని తలుచుకోవడానికో నాకు తెలుసు. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో ఇదే రోజున, ఇదే ఊళ్లో పుట్టారు. ఆయన దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మా వార్డు సంగతి కొంచెం చెప్పనివ్వండి.

నేను లుకేమియా వచ్చినవాళ్లకి మూలకణాల మార్పిడి చేసే వార్డులో డాక్టర్ని. లుకేమియా అంటే మనవాళ్లు బ్లడ్ క్యాన్సర్ అనేదే. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబమూ ముందు అడిగేది ఒకటే: "ఆపరేషన్ ఎన్ని గంటలు పడుతుందండీ?" ఆపరేషన్ ఉండదని చెబితే నమ్మరు. తీరా ఆ రోజు వచ్చాక, నెత్తురు ఎక్కించే సంచీ లాంటిదే ఒకటి తెచ్చి స్టాండుకి తగిలిస్తాం. అందులోది చుక్క చుక్కగా గొట్టంలోంచి రోగి నరంలోకి దిగుతుంది. గంటో రెండు గంటలో, అంతే. ఆ రోజుని మేం 'డే జీరో' అంటాం. బయట అద్దంలోంచి చూస్తున్న నాన్న "ఇంతేనా?" అని అడుగుతాడు. ఆ 'ఇంతే' వెనక ఏముందో చెప్పాలనే ఇవాళ వచ్చాను.

మాంసం కూరలో మూలుగ ఎముక కోసం చిన్నప్పుడు పోట్లాడుకున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. పుస్తకాల్లో ఎముక మజ్జ అంటారు కానీ మన ఇళ్లలో మాట మూలుగే. మన నెత్తుర్లోని కణాలన్నీ అక్కడే తయారవుతాయి. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, అన్నిటికీ తల్లి కణాలు అక్కడే ఉంటాయి. వాటినే మూలకణాలు అంటాం.

మీరు వరి పండించే నేల మీద పుట్టినవాళ్లు కాబట్టి మూలుగని నారుమడి అనుకోండి. లుకేమియా ఆ మడిలో మొలిచిన ఊద అనే కలుపు. లేతగా ఉన్నప్పుడు ఊదకీ వరినారుకీ తేడా కనిపెట్టడం ఎంత కష్టమో మీ తాతగారిని అడిగితే చెబుతారు. మన ఒంట్లోని రక్షణ కణాలకీ అదే ఇబ్బంది. లుకేమియా కణం బయట నుంచి వచ్చిన క్రిమి కాదు, మన కణమే దారి తప్పింది. అందుకే దాన్ని పట్టుకోలేవు. మందులతో చంపుదామంటే ఎక్కువ డోసుకి నారు కూడా మాడిపోతుంది. అయితే మడి మొత్తం మాడ్చేసి, వేరేవాళ్ల మడి నుంచి నారు తెచ్చి నాటితే?

అమెరికాలో డొనాల్ థామస్ అనే డాక్టర్ ఆలోచన సరిగ్గా ఇదే. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పనిచేసేవాడు. రేడియేషన్‌తో, మందులతో వైద్యం చేసిన ఆరుగురు రోగులకి ఇంకొకరి మూలుగ ఎక్కించి, ఆ ఫలితాన్ని 1957లో ప్రకటించాడు. ఆరుగురిలో ఒక్కరూ వంద రోజులు దాటలేదు. ఆ తర్వాత పదేళ్లలో ప్రపంచమంతటా ఇలాంటివి దాదాపు రెండు వందలు జరిగాయి. దాదాపు అన్నీ విఫలమే. చాలామంది డాక్టర్లు ఇది జరిగే పని కాదని వదిలేశారు. థామస్ మనుషులకి చేయడం ఆపి కుక్కల మీద పరిశోధనకి వెనక్కి వెళ్లాడు. కుక్కల్లో ఎవరి మూలుగ ఎవరికి సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో ఏళ్ల తరబడి చూశాడు. ఆయన భార్య డాటీ ఆ ల్యాబ్‌లోనూ, రాతపనిలోనూ పక్కనే ఉంది. ఆ కాలం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ ఆరుగురే గుర్తొస్తారు. మా వార్డులోంచి నడిచి ఇంటికెళ్లే ప్రతి మనిషీ వాళ్లకి రుణపడి ఉన్నాడు.

ఈలోగా ఫ్రాన్స్‌లో జా డొస్సే తెల్లకణాల మీద ఉండే గుర్తుల్ని కనిపెట్టాడు. వాటినే హెచ్ఎల్ఏ అంటాం. బ్లడ్ గ్రూపు కలవడం వేరు, ఇది కలవడం వేరు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. అందుకే తోబుట్టువుల్లో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క తెలిశాక థామస్ బృందం సియాటిల్‌లో మళ్లీ మొదలుపెట్టింది. 1977లో వాళ్లు వంద మంది లుకేమియా రోగుల ఫలితం రాశారు. మందులన్నీ అయిపోయి, ఇక ఆశ లేదన్న వంద మంది. వాళ్లలో పదమూడు మంది జబ్బు లేకుండా బతికి ఉన్నారు. ఇవాళ పదమూడు అంటే తక్కువగా అనిపిస్తుంది, కానీ ఆనాటికి ఆ స్థితిలో బతికినవాళ్లు దాదాపు లేరు. చివరిదాకా ఆగకుండా, జబ్బు మందులకి లొంగి ఉన్నప్పుడే మార్పిడి చేస్తే ఇంకా ఎక్కువమంది నిలబడతారని రెండేళ్లకే తేలింది. 1990లో థామస్‌కి నోబెల్ వచ్చింది. మన దేశంలో మొదటి మార్పిడి 1983లో ముంబైలోని టాటా ఆస్పత్రిలో జరిగింది.

ఇప్పుడు సుబ్బారావు గారి దగ్గరికి వస్తాను.

కొత్త నారుకి మడి కొత్త. దాత మూలుగతో పాటు దాత రక్షణ కణాలు కూడా వస్తాయి. వాటికి ఈ ఒళ్లు పరాయిది. చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద దాడి చేస్తాయి. తోబుట్టువు మూలుగైనా సరే, ఈ దాడితో చనిపోయినవాళ్లు ఎందరో. దాన్ని అదుపు చేయడానికి సియాటిల్ బృందం కుక్కల్లో పరీక్షించి ఎంచుకున్న మందు మెథోట్రెక్సేట్. సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీలో నడిపిన పరిశోధన నుంచి పుట్టిన మందు అది. దానికి ముందు పుట్టిన అమినోప్టెరిన్ అనే మందునే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ పదహారు మంది లుకేమియా పిల్లలకి ఇస్తే, పది మందిలో జబ్బు కొన్నాళ్లు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాన్ని 1948లో ప్రకటించాడు. పిల్లల లుకేమియా ఒక మందుకి లొంగడం లోకం చూసింది అప్పుడే. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. మార్పిడి అనే వైద్యాన్ని ఆయన చూడలేదు. అయినా ఇప్పటికీ తోబుట్టువుల మార్పిడిలో చాలా చోట్ల డే జీరో తర్వాత ఒకటో రోజు, మూడో రోజు, ఆరో రోజు, పదకొండో రోజు ఇచ్చే ఇంజెక్షన్ అదే. మొదటిసారి ఆ మందు చీటీ రాస్తున్నప్పుడు, దీని వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన మనిషి అని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఇక్కడొక చిక్కుముడి వచ్చింది. ఒకే పోలిక కవలల్లో ఒకరికి లుకేమియా వస్తే రెండోవారి మూలుగ అన్నిటికంటే మంచిది అనుకుంటాం కదా? దాడి భయం లేదు, గుర్తులు నూటికి నూరు కలుస్తాయి. కానీ ఆ కవలల్లోనే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. దాడి పూర్తిగా పోవాలని, దాత మూలుగలోంచి టి కణాలనే రక్షణ కణాల్ని ముందుగా తీసేసి చూశారు. దాడి తగ్గింది, లుకేమియా మాత్రం తిరిగి వచ్చింది. 1990లో రెండు వేల పైచిలుకు రోగుల లెక్కలు కలిపి చూసినప్పుడు సంగతి స్పష్టమైంది. జబ్బు నయం చేస్తున్నది మనమిచ్చే పెద్ద డోసు ఒక్కటే కాదు. అక్క నుంచి వచ్చిన రక్షణ కణాలు తమ్ముడి ఒంట్లో మిగిలిపోయిన ఊదని గుర్తుపట్టి ఏరేస్తున్నాయి. తమ్ముడి కణాలకి సొంతదిలా కనిపించిన ఊద, అక్క కణాల కంటికి పరాయిది. ఈ రంగంలో నేను చదివిన వాటిలో ఇంతకంటే అందమైన సంగతి లేదు. మ్యూనిక్‌లో కోల్బ్ అనే డాక్టర్ ఒక అడుగు ముందుకేశాడు. మార్పిడి తర్వాత దీర్ఘకాలిక లుకేమియాల్లో మైలాయిడ్ అనే రకం తిరగబెట్టిన కొందరికి దాత తెల్లకణాల్ని మళ్లీ ఎక్కిస్తే జబ్బు వెనక్కి తగ్గింది. (ఆ రకం లుకేమియాకి 2001 నుంచి ఇమాటినిబ్ అనే మాత్ర ఉంది, ఇప్పుడు చాలామందికి మార్పిడే అక్కర్లేదు. పరిశోధన ఒక్కోసారి మా పని తగ్గిస్తుంది, అదీ సంతోషమే.)

అన్ని కథలూ బాగా ముగుస్తాయని నేను చెప్పను. జబ్బు తిరగబెట్టడం, ఇన్‌ఫెక్షన్లు, ఆ దాడి, ఈ మూడూ ఇప్పటికీ మా దగ్గర మనుషుల్ని తీసుకుపోతున్నాయి. ఖర్చు లక్షల్లో ఉంటుంది.

దాత సంగతికొద్దాం. ఒకప్పుడు ఇంటికి ఆరుగురు పిల్లలు. ఇప్పుడు ఇద్దరు, లేదా ఒక్కరు. కలిసే తోబుట్టువు ఎక్కడ దొరుకుతారు? అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రివాళ్లు దీనికొక దారి చూపించారు. సగమే కలిసిన తల్లి, తండ్రి, కొడుకు, కూతురు ఎవరినైనా సరే దాతగా తీసుకుని, మార్పిడి అయిన మూడో రోజు, నాలుగో రోజు రోగికి సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇస్తారు. ఇది పాత మందే, చవకైనదే. కొత్త ఒళ్లు చూసి రెచ్చిపోయి గబగబా పెరుగుతున్న రక్షణ కణాలకి ఈ మందు ఎక్కువగా తగులుతుంది. మూలకణాల్లో దాన్ని విరిచేసే ఎంజైము ఉంటుంది కాబట్టి అవి తప్పించుకుంటాయి. ఈ పద్ధతి వచ్చాక, "దాత లేరు" అని ఇంటికి పంపాల్సిన రోజులు మా వార్డులో బాగా తగ్గాయి.

ఒకసారి తమ్ముడికి అక్క పూర్తిగా కలిసింది. అక్కకి పెళ్లయి ఏడాది. అత్తగారు వచ్చి నా ఎదురుగా కూర్చుని, "వెన్నులోంచి తీస్తారంట కదండీ, మా కోడలికి రేపు పిల్లలు పుట్టొద్దా?" అని అడిగింది. నేను కోప్పడలేదు. ఆవిడ భయం నిజమైనది, ఎవరూ ఆవిడకి సరిగ్గా చెప్పలేదు. వెన్ను జోలికి వెళ్లమని చెప్పాను. రోజుకొకటి చొప్పున నాలుగైదు రోజులు ఇంజెక్షన్ ఇస్తాం, మూలకణాలు నెత్తుర్లోకి వస్తాయి. ఒళ్లు నొప్పులు ఉంటాయి, తగ్గిపోతాయి. తర్వాత ప్లేట్‌లెట్లు ఇచ్చినట్టే మిషన్ పక్కన నాలుగైదు గంటలు పడుకోవాలి. కొన్నిసార్లు మత్తిచ్చి తుంటి ఎముక నుంచి తీస్తాం, అదీ వెన్ను కాదు. తీసినది కొద్ది వారాల్లో మళ్లీ తయారవుతుంది, పిల్లలు పుట్టడానికి దీంతో సంబంధం లేదు. మర్నాడు కోడల్ని ఆవిడే ఆటోలో తీసుకొచ్చింది. ఇవాళ ఆ తమ్ముడి నెత్తురు తీసి క్రోమోజోములు చూస్తే ఆడమనిషి నెత్తురని వస్తుంది. బ్లడ్ గ్రూపు కూడా అక్కదే.

ఇంట్లో దాత దొరకనివాళ్ల కోసం రిజిస్ట్రీలున్నాయి. మీలో పద్దెనిమిది నిండినవాళ్లు బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి ఇస్తే చాలు, మీ గుర్తులు అందులోకి చేరతాయి. ఎవరితోనైనా కలిస్తే ఫోన్ వస్తుంది. రేపే రావచ్చు, పదేళ్లకి రావచ్చు, అసలు రాకపోనూవచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. దాత ఒప్పుకున్నాక, డే జీరోకి కొన్ని రోజుల ముందే రోగి మూలుగని మందులతో మాడ్చేయడం మొదలుపెడతాం. ఆ తర్వాత దాత ఇంట్లో వద్దన్నారని వెనక్కి తగ్గితే, ఆ మనిషికి పాత మడీ ఉండదు, కొత్త నారూ రాదు. అందుకే ఇవాళే పేరు రాయమని మిమ్మల్ని అడగను. సాయంత్రం ఇంటికెళ్లి అమ్మతో, నాన్నతో కూర్చుని ఇదంతా చెప్పండి. వెన్నులోంచి తీయరని కూడా చెప్పండి. దూదిపుల్లలు పట్టుకుని మావాళ్లు రేపు ఉదయం పది గంటలకి ఇదే హాల్లో ఉంటారు.