ఏ ఊరి రాయి ఇది? కడప మ్యూజియంలో చూడదగినవి

శ్రోతలకు నమస్కారం. కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం 1982లో జైనులు ఇచ్చిన విరాళంతో ఏర్పడింది. ఈ ప్రాంతంలో దొరికిన రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు, శాసనాలు అందులో ఉన్నాయి. చూడబోయేవారికి నేను చెప్పదలచినది ఒక్కటే: శిల్పం పక్కనుండే వివరాల పలక మీద దేవుడి పేరు కంటే ముందు ఆ శిల్పం దొరికిన ఊరి పేరు చదవండి. విష్ణువు, వినాయకుడు దేశంలోని ఏ మ్యూజియంలోనైనా దర్శనమిస్తారు. దానవులపాడు, గండికోట, నందలూరు, అత్తిరాల అనే పేర్లు మాత్రం మన సొంతం. ఊరు తెలిస్తే ఆ శిల్పాన్ని ఎవరు చేయించారో, ఎవరు కొలిచారో ఆరా తీయడానికి ఒక దారి దొరుకుతుంది.

దానవులపాడుతో మొదలుపెడదాం. జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఇసుక కప్పేసిన జైన ఆలయాలను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ తవ్వించాడు. నిత్యవర్షుడనే బిరుదు గల రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు జైనులు కొలిచే గురువుల్లో, అంటే తీర్థంకరుల్లో, ఒకరైన శాంతినాథుని అభిషేకం కోసం ఇక్కడ రాతి పీఠం చేయించినట్లు శాసనం చెబుతోంది. ఆయన దండనాయకుడు శ్రీవిజయుని శాసనం కూడా ఇక్కడే దొరికింది. యుద్ధాల్లో పేరు మోసిన ఆ సేనాని చివరకు అన్నీ వదులుకొని సన్యసించాడు. ఇదంతా పదో శతాబ్దపు మాట. అయితే తవ్వకాల్లో బయటపడిన వాటిలో కొన్ని అప్పట్లోనే మద్రాసు మ్యూజియానికి తరలిపోయాయి కనుక దానవులపాడు సంపద అంతా కడపలోనే ఉంటుందని ఆశించకండి.

జైన విగ్రహాన్ని చూసి బుద్ధుడనుకొని దాటిపోయేవారు మనలో తక్కువేమీ కాదు. ఒక్క నిమిషం ఆగి చూస్తే తేడా తెలిసిపోతుంది. నిలబడిన తీర్థంకరుని చేతులు ఒంటికి తగలకుండా మోకాళ్ల దాకా నిటారుగా వేలాడుతుంటాయి. ఆ భంగిమను కాయోత్సర్గం అంటారు. దిగంబర శిల్పంలో ఒంటిమీద బట్ట మడత ఒక్కటీ కనిపించదు. తల వెనుక పాము పడగ విప్పి ఉంటే ఆయన చాలావరకు పార్శ్వనాథుడే, పీఠం మీద సింహం గుర్తు ఉంటే మహావీరుడు. ముఖాలన్నీ ఒకే తీరుగా, ఏ భావమూ పలకకుండా ఉంటాయి కాబట్టి, చూపు ముఖం మీద కాక పడగ మీద, పీఠం మీద నిలపాలి.

కంచు విగ్రహాల దగ్గరికి వచ్చినప్పుడు గండికోటను తలుచుకోవాలి. పెమ్మసాని నాయకుల చేతిలోని ఆ కోట పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1652లో అక్కడ ఆయనను కలిసిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే తన యాత్రావృత్తాంతంలో ఒక సంగతి రాశాడు: ఫిరంగులు పోతపోయించడానికి మీర్ జుమ్లా గుళ్లలోని లోహ విగ్రహాలను పోగు చేయించాడట, ఆ పని మెయ్యి అనే ఫ్రెంచివాడికి అప్పగించాడట, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలను మాత్రం అతడు ఎంత ప్రయత్నించినా కరిగించలేకపోయాడట. ఆరు విగ్రహాల ముచ్చట కొంత కట్టుకథే కావచ్చు. లోహ విగ్రహం ఎన్ని గండాలు దాటితే మన కంట పడుతుందో మాత్రం దీన్నిబట్టి ఊహించవచ్చు. గండికోట మాధవరాయస్వామి గుడి గర్భాలయంలో ఈనాటికీ మూలవిరాట్టు లేదు.

వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఎదురైతే కింది నుంచి పైకి చదవండి. అడుగున పోరాటం, నడుమ వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం, చివరన సూర్యచంద్రులు ఉండటం పరిపాటి. పశువుల మందను కాపాడబోయి ప్రాణం ఒదిలినవారికి కూడా ఇలాంటి రాళ్లు నిలిపారు. చెక్కడం మొరటుగా ఉందని చిన్నచూపు చూడనక్కరలేదు. రాజుగారి గుడి శిల్పాల్లో ఇలాంటివారికి చోటు దొరకడం అరుదు.

ఇక శాసనాలు. అక్షరాలు చదవడం రాకపోయినా వాటిలోని విషయం ఇంచుమించు ఒకే వరుసలో సాగుతుందని తెలిస్తే చాలు: రాజు పేరు, దానం చేసినవాడు, పుచ్చుకున్నవాడు, పొలం హద్దులు, చివర శాపం. ఆ భూమిని అపహరించినవాడు కాశీలో ఆవును చంపిన పాపాన పోతాడని ఎన్నో తెలుగు శాసనాల్లో ఉంటుంది. ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల కాలం నుంచి ఈ నేల మీద తెలుగులో శాసనాలు వేయించారు. తెలుగులో తొలి శాసనంగా పండితులు పరిగణించే, క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే, రేనాటి చోళరాజు ధనంజయుని కలమళ్ల శాసనం కోసం మాత్రం మ్యూజియం దాటి వెళ్లాలి. ఎర్రగుంట్ల మండలంలో, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న కలమళ్లలోనే, చెన్నకేశవస్వామి ఆలయ ఆవరణలో అది ఉంది.