అనంతపురం ఎండలో ఇంటి కరెంటు లెక్క

సభకు నమస్కారం.

వేసవిలో బిల్లు పెరగగానే నెపమంతా ఏసీ మీదో ఫ్రిజ్ మీదో వేసి, కొత్తది కొనే ఆలోచనలో పడతాం. అనంతపురం లాంటి ఊళ్లో ముందు చూడవలసింది ఇంటి పైకప్పును. ఏ మార్పు చేసినా ఫలితాన్ని అంకెల్లో కొలిచి తేల్చుకోవాలన్నదే నా మనవి.

మన పెద్దలు మట్టి మిద్దెల మీద మందంగా చౌడుమట్టి వేసేవారు. పగటి వేడిని గదిలోకి త్వరగా దిగనివ్వనిది ఆ మందమే. నేటి కాంక్రీటు స్లాబు మాత్రం పగలంతా పీల్చుకున్న ఎండను రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. రాత్రి పదింటికి ఫ్యాను వేసినా వేడిగాలే తగలడానికి కారణమిదే. ఇళ్లలో కరెంటు పొదుపు కోసం కేంద్రం తెచ్చిన నిర్మాణ నియమావళి, 2018 నాటి ఎకో నివాస్ సంహిత ప్రకారం, లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకు పైకప్పు గుండా దిగే వేడి చదరపు మీటరుకు 1.2 వాట్లు మించరాదు. వేడిని ఆపే ఏ పొరా లేని మామూలు స్లాబు సుమారు దానికి మూడింతలు దింపుతుంది. స్లాబు పైన పూసే తెల్ల సున్నం దాని ఈ గుణాన్ని మార్చదు గానీ, ఎండను తిప్పికొట్టి స్లాబు వేడెక్కడాన్నే తగ్గిస్తుంది. దుమ్ము పేరుకుంటే ఆ మేలు తగ్గుతుంది కనుక అప్పుడప్పుడు కడగాలి.

సున్నం వేశాక ఈ మే బిల్లును నిరుటి మే బిల్లుతో పోల్చి సంతోషించడం చాలదు, ఎందుకంటే రెండేళ్ల ఎండలు ఒకటి కావు. పక్కపక్కనే ఉన్న రెండు గదుల్లో ఒకదాని పైన మాత్రమే సున్నం వేసి, ఒకే రోజు మధ్యాహ్నం మూడింటికీ రాత్రి పదింటికీ రెండింట్లోనూ ఉష్ణోగ్రత రాసుకుంటే అసలు తేడా తెలుస్తుంది.

కరెంటు వాడకాన్ని తూచడానికి మీటరు మీద మిణుకుమనే చిన్న ఎర్రదీపం చాలు. యూనిట్‌కు 3200 మిణుకులని దాని మీద రాసి ఉంటే, అన్నీ ఆపి ఒక్క ఫ్యానే వేసి నిమిషం పాటు లెక్కపెట్టండి. నాలుగు మిణుకులు వస్తే ఆ ఫ్యాను 75 వాట్లు లాగుతున్నట్టు. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు రెండైనా రావు. రోజుకు 15 గంటలు తిరిగే చోట ఈ తేడా నెలకు 20 యూనిట్లు. అన్నీ ఆపాక కూడా దీపం మిణుకుతుంటే ఎక్కడో ఏదో కరెంటు లాగుతోందన్నమాట, దాన్ని వెతకాలి.

పై అంతస్తులో అద్దెకున్నవారి గోడు వేరు. సున్నం ఖర్చు యజమానిది, బిల్లు అద్దెదారుది కావడంతో ఆ పని ఏళ్ల తరబడి ఎవరూ చేయరు. ఈ సభలో ఇళ్లు అద్దెకిచ్చేవారుంటే, వచ్చే మార్చిలోపే మీ స్లాబు మీద సున్నం వేయించమని చేతులు జోడించి అడుగుతున్నాను.